పొయ్యిలో నిప్పు ఎవరిది?

2022 డిసెంబరు చివరి వారం. స్త్రీల కోసం ప్రతి ఆదివారం జొహర్ తరువాత జరిగే పాఠం ముగించి గ్రంథాలు సర్దుకుంటున్నాను. తెర ఆవలి నుంచి ఒక సోదరి సందేహం అడిగారు. “మౌల్వీ సాబ్, మా మామగారికి ఎనభై దాటాయి. చన్నీళ్ళు తగిలితే చేతులు వణుకుతాయి. రోజూ వుజూకు గ్యాసు మీద నీళ్ళు కాచి ఇస్తున్నాను. పోయిన వారం మీరు వుజూలో సైతం ఇస్రాఫ్ కూడదన్నారు. సిలిండర్ ధర చూస్తే భయం వేస్తున్నది. నేను చేస్తున్నది ఇస్రాఫ్ అవుతుందా?”

పోయిన వారం నేను ఆ మాట చెప్పినది నిజమే. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ సఅద్ (రజి)ను హెచ్చరించిన ఉల్లేఖనాన్ని వివరించాను. దాని పరంపరలో బలహీనత ఉన్నదని హదీసువేత్తలు అన్నారు. అయినా దాని భావం దివ్య ఖుర్ఆన్ బోధకు అనుగుణమైనదే. ఆ పాఠం చెబుతున్నప్పుడు నా మనస్సులో ఉన్నది మసీదులో కుళాయి పూర్తిగా తిప్పి కబుర్లు చెప్పుకునే యువకులు. అది వెళ్ళి తగిలినది మాత్రం ఈ సోదరికి. ప్రసంగాలు చేసే మాబోటి వారికి ఇది తరచుగా ఎదురయ్యే అనుభవమే. ఎవరిని ఉద్దేశించి చెబుతామో వారు వినరు. ఆ మాట అవసరం లేనివారు దానిని తలకెత్తుకుంటారు.

ధార్మికంగా జవాబు కష్టమైనది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) వేడి నీటితో వుజూ చేసిన విషయం సహీహ్ బుఖారీలో ప్రస్తావితమై ఉన్నది. చలిలో, కష్టంలో కూడా వుజూను పరిపూర్ణంగా చేయడానికి గొప్ప పుణ్యం ఉన్నదన్న హదీసుకు అర్థం, వెచ్చని నీరు అందుబాటులో ఉండగా ముసలివారిని వణికించమని కాదు. అవసరానికి వాడినది ఇస్రాఫ్ కాదు. ఆ మాటే చెప్పాను. ఆమె ఊరట చెందినట్లే ఉన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఒక కోడలు తన మామగారి వుజూ నీళ్ళను గ్రాముల్లో తూచుకునే పరిస్థితి ఎలా వచ్చిందన్నదే నన్ను వేధించిన ప్రశ్న.

మరునాడు మా మద్రసాలో లెక్కలు, సైన్సు చెప్పే యువ ఉపాధ్యాయుని కూర్చోబెట్టి లెక్క వేయించాను. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసులలో ఉన్నది. అది ఫిఖ్హ్ భేదాలను బట్టి మన కొలతలో ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా వస్తుంది. ముసలాయన కదా అని రెండు లీటర్ల చొప్పున లెక్కించినా ఐదు పూటలకు పది లీటర్లు. వాటిని గోరువెచ్చగా చేయడానికి రోజుకు సుమారు 30 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది. అప్పటికి హైదరాబాదులో 14.2 కిలోల సిలిండర్ ధర 1,105 రూపాయలు. అంటే కిలో దాదాపు 78 రూపాయలు. రోజుకు రెండున్నర రూపాయల లోపు, నెలకు 70 రూపాయలు. ఆ సోదరిని కలవరపెట్టిన ‘ఇస్రాఫ్’ మొత్తం ఇది.

నెలకు 70 రూపాయలు ఒక లెక్కా అని అనిపించవచ్చు. అలా అనిపిస్తే, మన ఇంట్లో ఎవరూ సిలిండరును కదిలించి బరువు చూడవలసిన అవసరం ఇంకా రాలేదని అర్థం. 2020 నవంబరులో ఇదే సిలిండర్ హైదరాబాదులో 646 రూపాయల 50 పైసలకు వచ్చేది. 2022 జూలై నాటికి 1,105 అయింది. 2023 మార్చిలో 1,155కు చేరింది. ఈ లోపు ఖాతాలో పడే సబ్సిడీ, 2020 మే నుంచి చాలా మందికి ఆగిపోయింది. అంతర్జాతీయ ధర పడిపోయి ఉన్నందున అప్పట్లో ఆ సంగతి ఎవరికీ పెద్దగా తెలియలేదు. ధర మళ్ళీ పైకి లేచినప్పుడు సబ్సిడీ తిరిగి రాలేదు. 2022 మేలో కేంద్రం ఉజ్వల కనెక్షన్లకు మాత్రం సిలిండరుకు 200 రూపాయలు ప్రకటించింది. ఈ సోదరి ఇంటి కనెక్షన్ ఉజ్వలది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం కింద ఆమె అత్తగారి పేరిట వచ్చినది. పేదరికం ఒక్కటే అయినా పథకం పేరు వేరు కనుక ఆ 200 ఆమెకు లేవు.

ఆమె భర్త సౌదీలో డ్రైవరు. మన దేశం వాడే వంట గ్యాసులో సుమారు 60 శాతం దిగుమతి. దానికి ప్రాతిపదిక సౌదీ అరామ్‌కో ప్రతి నెలా ప్రకటించే ధర. భర్త చెమటోడ్చే దేశంలో నిర్ణయమయ్యే ధర, భార్య పొయ్యి దగ్గర బిల్లై వచ్చి కూర్చుంటున్నది. నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు లెక్కలేనన్ని.

ధర పెరిగితే మనుషుల అలవాట్లు మారడం కొత్త విషయం కాదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు విధించినప్పుడు, పీపా మూడు డాలర్లకు అటు ఇటుగా ఉన్న ముడిచమురు కొన్ని నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. ఆ నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి పెట్రోలు ధరలకు నిరసనగా ఎద్దుల బండి మీద పార్లమెంటుకు వచ్చారు. 1974లో బొంబాయి హై సముద్ర గర్భంలో చమురు దొరికింది. పొదుపు ప్రచారానికి 1978లో కేంద్రం ఒక ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. అదే చమురు డబ్బుతో గల్ఫ్‌లో రోడ్లు, నగరాలు లేవడం మొదలైంది. మన పిల్లలు పాస్‌పోర్టులు తీయించుకున్నది అప్పటి నుంచే. కనుక మన ఇళ్ళలో చమురు ధరకు రెండు ముఖాలున్నాయి. పెరిగితే పొయ్యి దగ్గర ఇబ్బంది; పడిపోతే అక్కడి పనికి ఇబ్బంది. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా 2016 జనవరికి 30 డాలర్ల కిందికి జారింది. ఆ ఏడాదే సౌదీలో పనులు ఆగి, జీతాలు అందక, వేలాది మంది భారతీయ కార్మికులు శిబిరాల్లో చిక్కుకుపోయారు.

అలవాట్లు మారతాయి, సరే. ఎవరివి మారతాయి? మా వీధినే తీసుకుంటాను. ఆ సోదరి ఉదయం పూట అన్నం, పప్పు గ్యాసు మీద వండి, సాయంత్రం రొట్టెలకు పెరట్లో కట్టెల పొయ్యి రాజేస్తారు. చెరువు కట్ట మీది సర్కారు తుమ్మ కొమ్మలు ఎవరికైనా దొరుకుతాయి. దగ్గు కూడా దానితో పాటే దొరుకుతుంది. ఆటో నడిపే ఆమె మరిది మధ్యాహ్నం ఖాళీగా తిరగడం మాని స్టాండులోనే కూర్చుంటున్నాడు. డీజిల్ సెస్సు పేరిట 2022లో ఆర్టీసీ చార్జీలు పెరిగినప్పుడు, మా మద్రసాలో ఇద్దరు పిల్లలు వారానికి బదులు నెలకోసారి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టారు. తల్లులు ఏడ్చారు. ఇక అదే వీధిలో, అదే శీతాకాలంలో ఒక వలీమా జరిగింది. ఏడెనిమిది రకాల వంటకాలు, రాత్రంతా జనరేటరు మీద వెలిగిన దీపాల తోరణాలు, తెల్లవారి మునిసిపాలిటీ బండిలోకి వెళ్ళిన బిర్యానీ. మసీదుకు రెండు వందల అడుగుల దూరంలో ఉన్న ఇంటి నుంచి బుల్లెట్ మోటారు సైకిలు మీద ఇషాకు వచ్చే యువకుడు ఇప్పటికీ అలాగే వస్తున్నాడు. పెట్రోలు ధర అతనికి ఏమీ నేర్పలేదు.

ధర పెంచితే దుబారా తగ్గుతుందని ఆర్థికవేత్తలు చెప్పే మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ధర మొదట ఆపేది దుబారాను కాదు, అవసరాన్ని. దుబారా చేసేవాడికి జేబు ఉంటుంది. వాడికి తగిలేలోపు అది వుజూ నీళ్ళకు తగులుతుంది. షరీఅత్ ఇస్రాఫ్‌ను కొలిచేది ధరతో కాదు, అవసరంతో. చవకైన నది నీటిలోనూ ఇస్రాఫ్ ఉండవచ్చు. ఖరీదైన గ్యాసు మీద కాచిన రెండు లీటర్లలో లేకపోవచ్చు. గత్యంతరం లేక కోసుకున్న దానికి ‘పొదుపు’ అని పేరు పెట్టడం భాషకే అన్యాయం.

ఇక పాలకుల సంగతి. మన దేశంలో పెట్రోలు ధరను 2010 జూన్‌లో, డీజిల్ ధరను 2014 అక్టోబరులో మార్కెట్టుకు వదిలారు. 2017 జూన్ నుంచి రోజూ మారే పద్ధతి వచ్చింది. ప్రపంచ ధర పెరిగితే ఇక్కడ పెరగాలి, తగ్గితే తగ్గాలి. దీని వెనుక ఉన్న న్యాయం అదే. ఆచరణలో జరిగినది వేరు. 2014 నవంబరు నుంచి 2016 జనవరి వరకు ముడిచమురు పడిపోతూ ఉండగా కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది. కరోనా కాలంలో ప్రపంచం స్తంభించి చమురు కొనే నాథుడు లేనప్పుడు, 2020 మేలో ఒకే రోజు పెట్రోలుపై 10, డీజిల్‌పై 13 రూపాయలు పెంచింది. తరువాత 2021 నవంబరులో, 2022 మేలో కొంత తగ్గించిన మాట కూడా చెప్పాలి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లో చమురు సంస్థలు నష్టానికి అమ్మినదీ వాస్తవమే. రాష్ట్రాలు కూడా అమాయకులేమీ కావు. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 35.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దానిపై లీటరుకు అదనపు మొత్తం వేరే. పెట్రోలును జీఎస్టీలోకి తెచ్చే ప్రస్తావన వస్తే ఢిల్లీకీ రాష్ట్రాలకూ మధ్య ఉన్న వైరమంతా చల్లారి ఇద్దరూ ఒకే మౌనం పాటిస్తారు.

ఇక్కడ మన ధర్మశాస్త్రం ఏమంటుంది? నీరు, పచ్చిక, నిప్పు — ఈ మూడింటిలో జనులందరూ భాగస్వాములని దైవప్రవక్త (సఅసం) ప్రకటించిన హదీసు సునన్ గ్రంథాల్లో ఉన్నది. నిప్పు అంటే ఎవరికీ చెందని అడవి కట్టె అని కొందరు, పొరుగువాడు అంటించుకోవడానికి అడిగే నిప్పురవ్వ అని కొందరు వ్యాఖ్యానించారు. ఇందులో నుంచి గ్యాసు ఉచితంగా ఇవ్వాలన్న అర్థం లాగడం సరి కాదు. బావి తోడినవాడికీ, కట్టె కొట్టి మోసుకు వచ్చినవాడికీ తన శ్రమకు ఫలం తీసుకునే హక్కు ఉన్నది. దీనితో పాటు ఇంకొక సంఘటన చదవాలి. మారిబ్‌లోని ఉప్పు గనిని తనకు ఇవ్వమని అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) అడుగగా దైవప్రవక్త (సఅసం) ఇచ్చారు. అది ఎడతెగక పారే నీటి వంటిదని అక్కడున్న ఒకరు తెలుపగానే వెనక్కి తీసుకున్నారు. అందరి బ్రతుకూ ఆధారపడిన వనరు ఒకరి సొత్తు కారాదన్న సూత్రాన్ని ఫుఖహా దీని నుంచి గ్రహించారు. మాలికీ ఫిఖ్హ్‌లో గనుల అధికారం సమాజం తరఫున పాలకునిదే.

ధరల నియంత్రణ విషయంలోనూ మనవారి దృష్టి సూక్ష్మమైనది. మదీనాలో ధరలు పెరిగి, ధర నిర్ణయించమని ప్రజలు కోరినప్పుడు దైవప్రవక్త (సఅసం) అంగీకరించలేదు. ఎవరికీ అన్యాయం చేసినవానిగా అల్లాహ్‌ను కలుసుకోరాదన్నదే ఆయన చింత. అది వర్తకునికి న్యాయం. అయితే సరుకు బిగబట్టి ధర పెంచేవాడు పాపి అని కూడా ఆయనే చెప్పారు. కొద్దిమంది చేతుల్లోనే సరుకు ఉండి ప్రజలకు వేరే దారి లేనప్పుడు పాలకుడు న్యాయమైన ధరను విధించవచ్చునని ఇమామ్ ఇబ్నె తైమియ్యా (రహ్మ) తమ ‘అల్ హిస్బా’లో వాదించారు. మూడు కంపెనీల చేతుల్లో ఉన్న వంట గ్యాసుకు ఈ రెండింటిలో ఏది వర్తిస్తుందో విజ్ఞులు ఆలోచించాలి.

కరువు కాలంలో పాలకుడు ఎలా ఉండాలో హిజ్రీ 18వ సంవత్సరం చెబుతుంది. దానిని బూడిద సంవత్సరం అంటారు. ప్రజలకు నెయ్యి దొరికేదాకా తాను నెయ్యి ముట్టనని హజ్రత్ ఉమర్ (రజి) పట్టుబట్టారు. ఆయన శరీరఛాయ మారిపోయిందని చరిత్రకారులు రాశారు. తమ ఇంటి పొయ్యిలో రెండు నెలల పాటు నిప్పు రాజేయని రోజులుండేవని, ఖర్జూరాలు, నీళ్ళతోనే గడిపేవారమని హజ్రత్ ఆయిషా (రజి) తమ మేనల్లుడు ఉర్వా (రహ్మ)కు చెప్పారు. ఈ హదీసును పేదలకు సహనం బోధించడానికి మేము చాలా సులువుగా వాడేస్తాము. అది నాయకుని ఇంటి ముచ్చట. పాలితుల పొయ్యి ఆరిపోయినప్పుడు తన పొయ్యి కూడా ఆరి ఉన్నవాని ముచ్చట.

నిజానికి ముందుచూపు మన దేశానికి చేతకానిదేమీ కాదు. విశాఖపట్నంలో కొండరాతి అడుగున తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ చేసే ఏర్పాటు ఉన్నది. మంగళూరు, పాడూరు గుహలతో కలిపి 53.3 లక్షల టన్నులు. దేశానికి తొమ్మిదిన్నర రోజుల అవసరం. 2020 ఏప్రిల్, మే నెలల్లో పీపా సగటున 19 డాలర్లకు కొని ఈ గుహలు నింపి, సుమారు 5,000 కోట్ల రూపాయలు ఆదా చేశామని ప్రభుత్వం తెలిపింది. పంట పండిన ఏడేళ్ళలో ధాన్యాన్ని వెన్నులోనే దాచి ఎండిన ఏడేళ్ళను దాటించిన హజ్రత్ యూసుఫ్ (అలై) విధానం ఇదే. ఆయన ఆ ధాన్యాన్ని ప్రజలకు కొలిచి ఇచ్చారు. చవకగా కొన్న కాలపు లాభం ఖజానాకు, ఖరీదైన కాలపు భారం వంటింటికి అయితే ఆ పోలిక సగం దగ్గరే ఆగిపోతుంది.

ప్రత్యామ్నాయాల గురించి కూడా ఒక మాట. ఇంటి కప్పు మీద సౌర పలకలకు 2024లో మొదలైన కేంద్ర పథకం 78,000 రూపాయల దాకా సాయం ఇస్తుంది. మంచి పథకమే. అయితే సొంత కప్పు ఉన్నవారికి. సౌర శక్తితో కాచిన నీటితో వుజూ కూడునా అని కూడా నన్ను అడిగారు. ఎండకు లోహపు పాత్రలో వేడెక్కిన నీరు మక్రూహ్ అని షాఫయీ గ్రంథాల్లో ఉన్నది కానీ, దానికి తగిన ఆధారం లేదని షాఫయీ పండితుడైన ఇమామ్ నవవీ (రహ్మ) స్వయంగా తేల్చారు. నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఆ సోదరి విషయానికి వస్తాను. 2023 ఆగస్టులో కేంద్రం సిలిండరుపై 200 తగ్గించింది. 2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం 500 రూపాయల సిలిండర్ పథకం ప్రారంభించింది. ఆమె అప్పటికే ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టి ఉన్నారు. చిక్కు రెండు చోట్ల వచ్చింది. ఒకటి, కనెక్షన్ చనిపోయిన అత్తగారి పేరిట ఉన్నది. రెండవది దీనికంటే లోతైనది. ఏడాదికి ఎన్ని సిలిండర్లకు రాయితీ ఇవ్వాలన్నది గత మూడేళ్ళలో ఆ ఇల్లు వాడిన సగటును బట్టి నిర్ణయిస్తారు. ఆ మూడేళ్ళూ ఆమె కట్టెలు ఏరుకున్న ఏళ్ళు. ఏడాదికి నాలుగు సిలిండర్లే తీసుకున్నారు. కనుక ఆమె అవసరం నాలుగేనని కాగితం నిర్ధారించింది. అదే వీధిలో ఏడాదికి పది వాడిన తెల్ల కార్డు ఇంటికి పది. ధర ఎవరిని ఎక్కువగా అణచిందో వారికే సాయం తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 దీపావళి నాటి నుంచి ఇస్తున్న మూడు ఉచిత సిలిండర్లకు ఈ సగటు మెలిక లేదు. మూడు చాలతాయా అన్నది వేరే సంగతి.

పేరు మార్పిడికి మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకార పత్రం కావాలన్నారు. ఆ కాగితాలు రాసి పెట్టమని ఆమె మద్రసాకు వచ్చారు. నేను రాస్తూ, “మామగారు ఎలా ఉన్నారమ్మా?” అని అడిగాను. బాగున్నారన్నారు. అసర్‌కు, మగ్రిబ్‌కు మేడ మీద ఎండలో పెట్టిన నల్ల బిందెలోవి. ఫజ్ర్‌కు మాత్రం గ్యాసు మీద, మూత పెట్టి, రెండు లీటర్లు. ఎనభై దాటిన ఆ పెద్దాయన సంతకం పెట్టలేరని, వేలిముద్ర చాలునా అని అడిగారు. చాలునన్నాను.